టైమర్ మీద నింద వేసే ముందు

(పాత కరెంటు గార్డెన్ ట్రాక్టర్ల చార్జర్ టైమర్ని ఎలా పరీక్షించాలో, ఎలా బాగుచేసుకోవాలో చెప్పిన ప్రసంగం. రాలేకపోయినవాళ్లు అడిగారని రికార్డింగ్ విని టైపు చేసిన పాఠం ఇది. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్లకి వినపడుతోందా? వినపడకపోతే ముందుకి వచ్చెయ్యండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. అమెరికా వచ్చి ఎన్నేళ్లయినా మనవాళ్లు మొదటి వరసలో కూర్చోరు కదా.

ఈ బల్ల మీద పెట్టినవి చూశారా? ఒక డయల్ ఉన్న టైమర్, ఒక మల్టీమీటర్, బ్యాటరీ యాసిడ్ నీళ్లకంటే ఎంత చిక్కగా ఉందో చూపించే ఒక హైడ్రోమీటర్. ఇవాళ మన సంగతంతా ఈ మూడింటి చుట్టూనే. ట్రాక్టర్‌ని లోపలికి తేలేకపోయాను. ఎందుకంటే దాంట్లో ఆరు బ్యాటరీలుంటాయి, ఒక్కోటీ ఇరవై ఎనిమిది కిలోల దాకా తూగుతుంది. ఆరింటికీ కలిపి లెక్క వేసుకోండి, తోసుకురావడానికి మీలో ఎవరు వస్తారో చెప్పండి.

ట్రాక్టర్ అనగానే మన ఊరి పొలం ట్రాక్టర్ అనుకునేరు. కాదు. ఇది ఇంటి చుట్టూ గడ్డి కోసుకోవడానికి, చలికాలంలో మంచు తోసుకోవడానికి వాడే గార్డెన్ ట్రాక్టర్. పెట్రోలు లేదు, కరెంటు బండి. ఇప్పుడంటే కరెంటు బళ్లు వింత కాదు. కానీ జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లు న్యూయార్క్ రాష్ట్రం స్కెనెక్టడీలో ఎలెక్-ట్రాక్ అనే పేరుతో ఈ బళ్లు మొదలుపెట్టింది 1969లో. డెబ్బైల నడిమికల్లా వాళ్లు ఆపేశారు. ఆ తర్వాత వీల్ హార్స్ అనే ఇంకో కంపెనీ పేరు మీద కొన్నాళ్లు వచ్చాయి. అంటే ఇవాళ మీ గరాజ్‌లో ఉన్నదానికి యాభై ఏళ్లు అటూ ఇటూ అయ్యాయన్నమాట. యాభై ఏళ్ల బండికి ఒంట్లో బాగోలేదంటే ఆశ్చర్యమేముంది?

బండి మొత్తం 36 వోల్టులు. ఆరు వోల్టుల బ్యాటరీలు ఆరు, గోల్ఫ్ కార్టుల్లో వాడేవే, వరసగా కలిపి ఉంటాయి. ఒక్కో బ్యాటరీలో మూడు సెల్స్, అంటే మొత్తం పద్దెనిమిది సెల్స్. ఈ పద్దెనిమిది అనే అంకె గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ వస్తుంది.

ఇక టైమర్ సంగతి. నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకటే మాట. "అన్నా, చార్జర్ టైమర్ పోయింది, కొత్తది ఎక్కడ దొరుకుతుంది?" నేను అడిగేది కూడా ఒకటే. పోయిందని నీకెలా తెలిసింది? అక్కడ మాట ఆగిపోతుంది. చార్జ్ కావట్లేదు కాబట్టి టైమర్ పోయింది, బ్యాటరీలు మరిగిపోతున్నాయి కాబట్టి టైమర్ పోయింది. కంటికి కనపడేది, చేత్తో తిప్పేది అదొక్కటే కదా, నింద దాని మీదకే పోతుంది.

అసలు టైమర్ చేసే పనేమిటి? గోడలోంచి వచ్చే 120 వోల్టుల దారిలో అదొక స్విచ్. గడియారం తగిలించిన స్విచ్. మీరు ఎన్ని గంటలకి తిప్పారో అన్ని గంటలయ్యాక దారి తెంచేస్తుంది. అంతే! బ్యాటరీ నిండిందా లేదా అన్నది దానికి తెలియదు. తెలుసుకునే దారే లేదు. పాలు పొంగాయో లేదో చూడకుండా, పది నిమిషాలు కాగానే స్టవ్ ఆపేసే మనిషి ఉంటాడే, అలాంటిది. పాలు ఎన్ని పోశారు, మంట ఎంత పెట్టారు అన్నది మీరే చూసుకోవాలి.

ఇప్పటి చార్జర్లు అలా కాదు. బ్యాటరీ వోల్టేజీ చూస్తూ, కరెంటు తగ్గిస్తూ, నిండగానే వాటంతటవే ఆగిపోతాయి. ఆ రోజుల్లో ఆ తెలివి పెట్టడం ఖరీదైన పని, అందుకని గడియారం పెట్టారు. తప్పేమీ కాదు, చక్కగా పనిచేసింది కూడా. కానీ ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. చార్జింగ్ ఆపేది ఆ టైమర్ ఒక్కటే. దాన్ని తీసేసి రెండు వైర్లు కలిపేశారనుకోండి, ఇక ఆపేవాడు లేడు. పోనీలే, నేనే గుర్తుపెట్టుకుని ప్లగ్ పీకేస్తాను అంటారు. మీరు శనివారం సాయంత్రం ప్లగ్ పెట్టి ఆదివారం పెళ్లికి వెళ్తారు. మీకు గుర్తుండదు. నవ్వకండి, నిజంగా గుర్తుండదు.

ఆపకపోతే ఏమవుతుందో కాస్త చెప్తాను. లెడ్ యాసిడ్ సెల్ వోల్టేజీ 2.4 దగ్గరికి వచ్చేసరికి లోపల నీళ్లు విడిపోవడం బాగా పెరుగుతుంది. పద్దెనిమిది సెల్స్‌కి లెక్క వేస్తే 43 వోల్టులు, కొంచెం ఎక్కువ. చార్జింగ్ చివర్లో కొంత గ్యాస్ రావాలి, అది మంచిదే, యాసిడ్ అంతా కలుస్తుంది. కానీ గంటల తరబడి అలాగే ఉంటే నీళ్లు ఇగిరిపోతాయి, ప్లేట్లు బయటపడతాయి, ప్లేట్ల మీద పదార్థం రాలిపోతుంది. పైగా వచ్చేది హైడ్రోజన్. గాలిలో నాలుగు శాతం చేరితే చాలు, నిప్పురవ్వకి అంటుకుంటుంది. మూసేసిన గరాజ్, పక్కనే వాటర్ హీటర్... ఇక నేను చెప్పక్కర్లేదు. ఇళ్లలో ఇన్వర్టర్ పెట్టుకున్నవాళ్లకి ఇదేం కొత్త కాదు. మన ఊళ్లో డిస్టిల్డ్ వాటర్ డబ్బా పట్టుకుని మూతలు విప్పి పోసుకోవడం అందరం చూసిందే. అవే బ్యాటరీలు, అదే కెమిస్ట్రీ.

సరే, రిపేర్‌లోకి వద్దాం. ముందు ఒక చిన్న హెచ్చరిక. ఉంగరాలు, గడియారం, చేతి గాజులు తీసి పక్కన పెట్టండి. 36 వోల్టులు షాక్ కొట్టదులే అని ధైర్యం చెప్తారు. షాక్ సంగతి సరే, ఆ బ్యాటరీల మధ్య స్పానర్ అడ్డం పడితే స్పానర్ ఎర్రగా కాలుతుంది. ఉంగరం అయితే వేలు పోతుంది. ప్లగ్ పీకాలి, బ్యాటరీ వైరు ఒకటి విప్పాలి. ఆ తర్వాతే మీటర్.

మీ దగ్గరున్నది ఏ రకం టైమరో ముందు తేల్చుకోండి. ప్లగ్ పీకేసి డయల్ తిప్పండి. టిక్కు టిక్కుమంటూ కదిలితే స్ప్రింగుది, కరెంటుతో దానికి పని లేదు. చప్పుడు లేకుండా అలాగే ఉండిపోతే లోపల చిన్న మోటారు ఉన్నట్టు. అది గోడ కరెంటు 60 హెర్ట్జ్‌ని బట్టి తిరిగే సింక్రోనస్ మోటారు. ఈ రెండింటి జబ్బులు వేరు వేరు.

స్ప్రింగు రకంలో ఒక తమాషా ఉంది. కొంచెం సేపే చార్జ్ చేద్దామని డయల్‌ని ఒక గంటకి తిప్పి వదిలేస్తారు. అందులో చాలా రకాలు అలా పట్టవు. ముందు ఇంకా అవతలికి బాగా తిప్పి, ఆ తర్వాత వెనక్కి గంటకి తేవాలి. అప్పుడే లోపల కాంటాక్ట్, అంటే కరెంటు దారిని కలిపే లోహపు ముక్క, సరిగా పడుతుంది. టైమర్ పోయిందన్నవాళ్లలో కొందరికి ఈ ఒక్క మాటతో పని అయిపోయింది. ఇంకోటి, డయల్ మీద హోల్డ్ అని ఒక గుర్తు ఉందేమో చూసుకోండి. అక్కడ పెడితే అది ఎప్పటికీ ఆగదు. పొరపాటున కూడా అక్కడ పెట్టకండి.

ఇప్పుడు మొదటి ఫిర్యాదు. ప్లగ్ పెట్టాం, డయల్ తిప్పాం, చప్పుడే లేదు. ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమనాలి కదా, అనట్లేదు. టైమరేనా? ఆగండి. ఆ గోడ ప్లగ్గులో ముందు ఒక టేబుల్ లాంప్ పెట్టి చూడండి. గరాజ్ ప్లగ్గులు ఎక్కువగా జి.ఎఫ్.సి.ఐ. మీద, అంటే కరెంటు లీకైతే దారి తెంచేసే రక్షణ స్విచ్ మీద ఉంటాయి, అది పడిపోయి ఉంటుంది. పదే పదే పడిపోతుంటే ఇన్సులేషన్ ఎక్కడో లీక్ అవుతున్నట్టు. అప్పుడు గ్రౌండ్ పిన్ను విరిచేసేవాళ్లున్నారు, చూశాను. దయచేసి ఆ పని చెయ్యకండి. ఆ తర్వాత వైరు, ఆ తర్వాత బ్రేకర్, అప్పుడు టైమర్.

టైమర్‌కి పరీక్ష తేలిక. ప్లగ్ పీకి, కాంటాక్ట్‌ల రెండు టెర్మినల్స్‌కి మీటరు పెట్టండి. డయల్ సున్నా దగ్గర ఉంటే దారి తెగి ఉండాలి. గంటల మీదికి తిప్పితే దారి కలవాలి, ఓమ్‌లు సున్నాకి దగ్గరగా రావాలి. ఇక్కడ ఒక మోసం ఉంది. మీటరు పంపేది ఇంత చిన్న కరెంటు. నల్లగా కాలిన కాంటాక్ట్ కూడా ఆ చిన్న కరెంటుకి బాగానే ఉన్నట్టు చూపిస్తుంది. లోడ్ పడగానే బండారం బయటపడుతుంది. కాంటాక్ట్ మీద మూడు వోల్టులు పోతున్నాయనుకోండి, ఎనిమిది ఆంపియర్లు నడుస్తున్నాయనుకోండి. ఎంతయింది? ఇరవై నాలుగు వాట్లు. బఠాణీ గింజంత చోట ఇరవై నాలుగు వాట్ల వేడి! ప్లాస్టిక్ గోధుమరంగులోకి తిరుగుతుంది, ఒక రకమైన వాసన వస్తుంది.

ఇదిగో, ఈ టైమర్ చూడండి, ఒకరి చేతిలోంచి ఒకరికి అందించండి. వెనక ఈ టెర్మినల్ ఉంది చూశారా, దీని చుట్టూ మాత్రమే రంగు మారింది. పక్కది కొత్తదానిలా ఉంది. అంటే లోపల కాంటాక్ట్ కాదు, ఈ తోపుడు క్లిప్పు వదులైంది. యాభై ఏళ్లు అదిరిన బండి. క్లిప్పు మార్చి, టెర్మినల్‌ని గీకి శుభ్రం చేస్తే అయిపోతుంది. దీనికోసం టైమర్ మార్చక్కర్లేదు.

రెండో ఫిర్యాదు. గుయ్యిమంటోంది, డయల్ కదులుతోంది, పొద్దునకి సున్నాకి వచ్చి ఆగింది కూడా. కానీ బండి నడవట్లేదు, బ్యాటరీలు ఎక్కలేదు. ఇందులో టైమర్ తప్పేముంది చెప్పండి? దాని పని అది చేసింది. అయినా దాన్నే మార్చేస్తారు.

ఇక్కడ చూడాల్సింది కెపాసిటర్. ఆ కాలపు గోల్ఫ్ కార్ట్ చార్జర్లలో, ఇలాంటి బళ్ల చార్జర్లలో ఎక్కువగా ఫెర్రోరెజొనెంట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. జోసెఫ్ సోలా అనే ఆయన 1938లో కనిపెట్టిన పద్ధతి. ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇంకో వైరు చుట్ట (కాయిల్), దానికి అడ్డంగా ఒక కెపాసిటర్, అంటే కరెంటుని కాసేపు దాచుకునే డబ్బా. ఈ రెండూ కలిసి గోడ వోల్టేజీ ఎగిరినా పడినా అవతల పెద్దగా తేడా రానివ్వవు. బ్యాటరీ నిండేకొద్దీ కరెంటు దానంతటదే తగ్గుతుంది కూడా. ఎలక్ట్రానిక్స్ ముక్క లేకుండా! నాకైతే ఆ రోజుల ఇంజనీర్లంటే ఇందుకే ముచ్చట. కానీ ఆ కెపాసిటర్ పోతే మొత్తం చల్లారిపోతుంది. చప్పుడు ఉంటుంది, కరెంటు ఉండదు.

దాన్ని మార్చేటప్పుడు మైక్రోఫారడ్‌లు అదే అంకె ఉండాలి, ఏసీ వోల్టేజీ రేటింగ్ అంతకు తగ్గకూడదు. పెద్దది పెడితే ఎక్కువ చార్జ్ అవుతుందేమో అని ప్రయోగాలు చెయ్యకండి, లెక్క అంతా తప్పుతుంది. ముట్టుకునే ముందు ఒక రెసిస్టర్ అడ్డం పెట్టి ఖాళీ చెయ్యండి. ఇంకోటి, అసలైనది. అమెరికాలో పీసీబీ అనే విషపు నూనె తయారీ 1979లో ఆపించారు. అంతకు ముందువైన కెపాసిటర్లలో అది ఉండొచ్చు. ఉబ్బి, కారుతున్న పాత కెపాసిటర్ కనపడితే ఉత్త చేత్తో పట్టుకోకండి, ఇంటి చెత్తలో వెయ్యకండి. మీ కౌంటీలో ప్రమాదకరమైన చెత్త తీసుకునే రోజుంటుంది, అక్కడ ఇవ్వండి.

ఏసీని డీసీగా మార్చే డయోడ్‌లు, ఫ్యూజ్, బ్యాటరీ టెర్మినల్స్ మీద పట్టిన తెల్ల పొడి ఇవన్నీ కూడా చూడాలి. వాటి గురించి మీకు తెలుసు, ఎక్కువ చెప్పను.

మూడో ఫిర్యాదు, నాకు టెన్షన్ పెట్టేది ఇదే. ఆగట్లేదు. రాత్రంతా నడుస్తోంది, పొద్దున చూస్తే బ్యాటరీలు వేడెక్కి, కుళ్లిన గుడ్డు వాసన.

దీనికి మూడు కారణాలు ఉండొచ్చు, ఒక్కోదానికీ ఒక్కో మందు. ఒకటి, గడియారం ఆగిపోయింది, స్విచ్ కలిసే ఉంది. ఎలా తెలుస్తుంది? డయల్ మీద, పక్కన పెన్సిల్‌తో గీత గీయండి. ఫోన్‌లో టైం చూసుకోండి. గంట తర్వాత వచ్చి చూడండి, గీత గంట జరిగిందా? అర గంటే జరిగిందా? అసలు కదల్లేదా? దీనికి మీటరు కూడా అక్కర్లేదు.

మోటారు రకమైతే, కదలకపోవడానికి ఎక్కువగా కారణం లోపల గ్రీజు. యాభై ఏళ్ల గ్రీజు లక్కలా గట్టిపడుతుంది. ఎండాకాలం నడుస్తుంది, చలికాలం షెడ్డులో నిలబడిపోతుంది. మందు చెప్పేముందు పరీక్ష చెప్తాను. ప్లగ్ పీకి, హెయిర్ డ్రయర్ తెచ్చి టైమర్‌కి కొంచెం సేపు వెచ్చగా గాలి కొట్టండి. బ్యాటరీల మూతలు పెట్టి, వాటికి దూరంగా. అప్పుడు మళ్లీ పెట్టి చూస్తే డయల్ కదిలిందనుకోండి, మోటారు బతికే ఉంది, గ్రీజుదే తప్పు. విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పళ్ల చక్రాలు కడిగి, ఇరుసుల దగ్గర సూది మొనతో ఒక్క చుక్క పల్చటి నూనె. ఒక్క చుక్క! స్ప్రే డబ్బా తెచ్చి కుమ్మరించేవాళ్లున్నారు. ఆ నూనె పోయి కాంటాక్ట్‌ల మీద కూర్చుంటుంది, ఇంకో జబ్బు మొదలవుతుంది.

వెచ్చబెట్టినా కదల్లేదంటే మోటారు చుట్ట చూడండి. చుట్ట బాగుంటే కొన్ని వేల ఓమ్‌లు చూపిస్తుంది. తెగితే ఏమీ చూపించదు. ఆ చిన్న మోటారు ఒక్కటే విడిగా దొరుకుతుంది. వోల్టేజీ, హెర్ట్జ్, నిమిషానికి ఎన్ని చుట్లు, ఏ వైపు తిరుగుతుంది, ఈ నాలుగూ కలవాలి. వైపు చూసుకోకుండా తెప్పించుకుంటే డయల్ వెనక్కి నడుస్తుంది.

రెండో కారణం, కాంటాక్ట్‌లు అతుక్కుపోవడం. డయల్ సున్నాకి వచ్చింది, చప్పుడు మాత్రం ఆగలేదు. ప్లగ్ పీకి, సున్నా దగ్గర ఓమ్‌లు చూడండి. దారి కలిసే ఉంటే అతుక్కున్నట్టే. ఎందుకు అతుక్కుంటాయి? ట్రాన్స్‌ఫార్మర్‌కి కరెంటు ఇచ్చిన మొదటి క్షణంలో మామూలు కరెంటుకి పది రెట్ల దాకా లాగొచ్చు. రోజూ ఆ దెబ్బ తగిలి తగిలి వెండి పూత పోతుంది. స్క్రూడ్రైవర్‌తో విడదీసి, ఆకురాయితో రుద్ది మళ్లీ బిగించేస్తారు. వద్దు. పూత పోయింది, మళ్లీ అతుక్కుంటుంది, అప్పుడు మీరు ఊళ్లో ఉండకపోవచ్చు. టైమర్ నిజంగా మార్చాల్సింది ఇక్కడ.

మూడో కారణం చాలామందికి తట్టదు. టైమర్ బాగుంది, గంటకి గంట నడిచింది, సమయానికి ఆగింది. అయినా మరిగాయి. ఎందుకు? పద్దెనిమిదిలో ఒక సెల్ షార్ట్ అయింది. అప్పుడు ఉన్నవి పదిహేడే. చార్జర్ పద్దెనిమిదికి కొట్టాల్సింది పదిహేడుకి కొడుతోంది. వోల్టేజీ ఎక్కదు, కరెంటు తగ్గదు, మిగతా పదిహేడూ ఉడుకుతాయి. హైడ్రోమీటర్ ఇందుకే తెచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో సెల్‌లోంచి యాసిడ్ పీల్చి చూడండి. నిండిన సెల్ 1.265 నుంచి 1.280 దాకా చూపించాలి. ఒకటి మిగతావాటికంటే 0.050 తక్కువ చూపిస్తే దొంగ దొరికినట్టే. టైమర్‌కి క్షమాపణ చెప్పి, బ్యాటరీ మార్చుకోండి.

ఆ, అక్కడెవరో చెయ్యెత్తారు. ఏమన్నారు? అసలు ఎన్ని గంటలకి పెట్టాలి అంటున్నారు. మంచి ప్రశ్న, నేనే మర్చిపోయేవాడిని. ఎన్ని గంటలు అన్నది డబ్బా మీద రాసి ఉండదు, మీ బండి, మీ గడ్డి, మీ బ్యాటరీ వయసుని బట్టి ఉంటుంది. ఒకసారి మామూలుగా కోసే గడ్డంతా కోసి, చార్జింగ్ పెట్టి, చివరికొచ్చాక గంట గంటకీ హైడ్రోమీటర్ చూడండి. మూడు సార్లు వరసగా ఒకే అంకె వస్తే నిండినట్టు. అప్పటికి ఎన్ని గంటలైందో అది రాసి టైమర్ పక్కన అంటించుకోండి. సగం గడ్డే కోసిన రోజు తగ్గించుకోండి. మర్నాడు పొద్దున వోల్టేజీ చూస్తే 38 పైన రావాలి. 36న్నర వస్తే సగమే ఉన్నట్టు. నీళ్లు పొయ్యాల్సింది చార్జింగ్ అయ్యాక, ముందు కాదు. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేదాకా ముందే పొయ్యండి.

ఏమండీ? అవును, గోడలో పెట్టే డిజిటల్ టైమర్ పెట్టొచ్చా అంటున్నారు. పెట్టొచ్చు, నేరుగా వద్దు. దాని మీద పదిహేను ఆంపియర్లు అని రాసి ఉంటుంది, అది హీటర్‌లాంటి లోడ్‌కి చెప్పిన లెక్క. లోపలి చిన్న రిలే, అంటే కరెంటుతో కదిలే స్విచ్, ట్రాన్స్‌ఫార్మర్ మొదటి దెబ్బకి అతుక్కుంటుంది. మధ్యలో ఒక కాంటాక్టర్, అంటే ఎక్కువ కరెంటు తట్టుకునే పెద్ద రిలే, పెట్టండి. టైమర్ కాంటాక్టర్ చుట్టకి మాత్రం కరెంటు ఇస్తుంది, దెబ్బ కాంటాక్టర్ తింటుంది. ఇది కూడా 120 వోల్టుల వైపే పెట్టాలి. బ్యాటరీ వైపు, అంటే డీసీ వైపు, ఏసీ స్విచ్ పెట్టకండి. ఏసీ సెకనుకి 120 సార్లు సున్నాకి వస్తుంది, నిప్పురవ్వ దానంతటదే ఆరిపోతుంది. డీసీకి ఆ సున్నా లేదు, రవ్వ సాగుతూనే ఉంటుంది.

లిథియం బ్యాటరీలు వేసుకుంటాను అంటున్న అన్నయ్యగారికి ఒక్కటే మాట. పాత చార్జర్ విప్పి పక్కన పెట్టెయ్యండి. వాటికి తగిన చార్జర్ వేరే కొనాలి, ఇందులో బేరం లేదు.

చివరి ప్రశ్న, ఇండియా పంపిస్తే అక్కడ పనిచేస్తుందా? 230 నుంచి 120కి ట్రాన్స్‌ఫార్మర్ పెడతానంటున్నారు. వోల్టేజీ ఒక్కటే కాదండీ, అక్కడ 50 హెర్ట్జ్. ఫెర్రో చార్జర్ 60కి కట్టింది, 50 మీద లెక్క తప్పుతుంది. టైమర్ మోటారు కూడా ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. మీరు పన్నెండు గంటలకి పెడితే అది పద్నాలుగు గంటల ఇరవై నాలుగు నిమిషాలకి ఆగుతుంది. బండి పంపితే పంపండి, చార్జర్ మాత్రం అక్కడే కొనుక్కోండి. ఈ-రిక్షాలు వచ్చాక లెడ్ యాసిడ్ చార్జర్లకి అక్కడ కరువు లేదు, 36 వోల్టులది కావాలని అడిగి తీసుకోండి.